ఎర్ర దారం చేతులు

ఆదోని,
జనవరి, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన తిరుపాల్ బావకు,

నువ్వు ఫోన్ ఎత్తి "మీటింగులో ఉన్నా, మళ్లీ చేస్తా" అన్నప్పుడల్లా నేను చెప్పబోయిన మాట నోట్లోనే చల్లారిపోతోంది. నువ్వు మళ్లీ చేసే వేళకు నాకు అలసట, నీకు ఆకలి. అందుకే ఈ కాగితం తీసుకున్నాను. మన పెళ్లికి ముందు నువ్వు కర్నూలు హాస్టల్ నుంచి ఎమ్మిగనూరుకు ఉత్తరాలు రాసేవాడివి. మా అమ్మ వాటిని నా చేత పైకి చదివించేది. నాన్న మగ్గం గుంటలో కూర్చుని వినేవాడు. ఆ భయంతో నువ్వు వానల గురించి, హాస్టల్ సాంబారు గురించి తప్ప ఇంకో మాట రాసేవాడివి కాదు. ఇది మాత్రం నువ్వొక్కడివే చదువుకో.

ఈ ఏడు మా పల్లె బడిలో నాకొక గది దొరికింది బావా. విరిగిన బెంచీలు పడేసే గది. పిల్లలతో కలిసి ఊడ్చి, బెంచీలన్నీ ఒక మూలకు నెట్టి, కింద పట్టాలు పరిచాం. ఒప్పందం మీద పనిచేసే డ్రాయింగ్ టీచరుకు గదేమిటని జయన్న సారు మొదట నవ్వాడు. ఎనిమిదో తరగతి పిల్లల అల్లరి కాస్త తగ్గుతుందని తర్వాత ఒప్పుకున్నాడు. హెడ్‌మాస్టరు కదా, ఆయనకు బడి నిశ్శబ్దంగా ఉంటే చాలు.

గుడ్డ బొమ్మలు చేయిస్తున్నాను. మొదటి వారం అందరూ సినిమా హీరోలనూ క్రికెట్ ఆటగాళ్లనూ చేశారు. అన్నీ ఒకే ముఖం. నాకు నచ్చక, మీ ఇంట్లో ఒక మనిషిని చేయండి, ఆ మనిషి కట్టి విడిచిన గుడ్డతోనే చేయండి అన్నాను. అప్పుడు చూడాలి బావా. జాషువా అనే పిల్లవాడు తాత లుంగీతో తాతనే చేశాడు, ఒక కాలు పొట్టిగా పెట్టాడు, ఎందుకంటే తాత కుంటుతాడట. బొమ్మల్లో నింపడానికి పత్తి ఎక్కడిదంటావు? మా రోడ్డున పత్తి లారీలు ఆదోని మార్కెట్టుకు పోతుంటే రెండు పక్కలా కంపచెట్లకు తెల్లగా చిక్కుకుంటుంది కదా, పిల్లలు బడికొస్తూ దాన్నే ఏరుకొచ్చారు. ముళ్లు గీరుకున్న చేతులతో వచ్చి, తెల్లని ముద్దలు నా ముందు కుప్ప పోశారు. నాకు నా ఉద్యోగం మీద మొదటిసారి గర్వం కలిగింది.

ఈ పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు ఇప్పుడు ఊళ్లో లేరు. ఇక్కడ పత్తి తీతలు అయిపోగానే గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు. వానలు పడేదాకా ఈ మెట్ట పొలాల్లో ఏముంటుంది? అవ్వల దగ్గరా తాతల దగ్గరా వదిలేసిన పిల్లలే నా గదిలో ఎక్కువ. అందుకేనేమో, అందరూ కలిసి ఒక అట్టలారీ చేద్దామన్నారు. బొమ్మలన్నిటినీ అందులో ఎక్కించారు. గిన్నెలు, చాపలు, ఒక కోడి కూడా ఎక్కాయి. దానికి వాళ్లే పేరు పెట్టుకున్నారు, గుంటూరు బండి అని.

ఆ లారీలో ముందు కూర్చున్న బొమ్మ గురించి నీకు చెప్పాలి. దాన్ని చేసింది మల్లేశ్వరి. ఉచ్చీరమ్మ అనే అవ్వ దగ్గర ఉంటుంది. ఎక్కువ మాట్లాడదు. వాళ్లమ్మ పద్మ పాత చీర కొంగుతో బొమ్మ చేసి, అరచేతులనిండా ఎర్ర దారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. ఇంత ఎరుపు ఎందుకని అడిగాను. సూది మీదినుంచి చూపు తీయకుండా చెప్పింది: "మిరపకాయలు తెంపితే మాయమ్మ చేతులు ఇట్లనే అయితాయి టీచర్. ఇంటికొచ్చినాంక కొన్నాళ్లు నన్ను ముట్టుకోదు. ముట్టుకుంటే నాకు మండుతాదంట."

నేను బయటికి వచ్చి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. ఇంకెవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

నువ్వు పనిచేసే ట్రస్టు పెట్టే పిల్లల కళాపోటీకి ఏదైనా పంపమని నువ్వు పండక్కి వచ్చినప్పటినుంచీ పోరుతున్నావు. ఇదిగో, గుంటూరు బండినే పంపుతాను. కర్నూలు హాల్లో మల్లేశ్వరి నిలబడి ఈ చేతుల గురించి చెప్పాలని నా ఆశ. ఇక మన సంగతి. వేసవికైనా మనిద్దరం ఒకే ఇంట్లో ఉండాలని నువ్వన్నావు. నేనూ ఆ ఇంటికి కర్టెన్లు ఏ రంగువి కొనాలా అని అప్పుడే ఆలోచిస్తున్నాను. ఇది చదివి నవ్వుకో, కానీ ఎవరికీ చెప్పొద్దు.

నీ రాక కోసం చూసే
గౌరి


ఆదోని,
ఫిబ్రవరి చివర.

ప్రియమైన బావకు,

బహుమతి వచ్చిందని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు నేను నవ్వలేదని నీకు కోపం వచ్చింది. ఎందుకు నవ్వలేదో అప్పుడు చెప్పలేకపోయాను. నా చుట్టూ టీచర్లున్నారు, అందరూ లడ్డూలు తింటున్నారు. ఇప్పుడు చెబుతున్నాను.

పోటీ రోజున నాకు పరీక్షల డ్యూటీ వేశారని నీకు తెలుసు. పిల్లలను జయన్న సారే తీసుకుపోతానన్నాడు. మల్లేశ్వరి ముందురోజే యూనిఫాం ఉతుక్కుని, చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసుకుందట. పొద్దున్నే గేటు దగ్గర నిలబడింది. నేను ఆమె చేత ఏం చెప్పాలో రాయించలేదు, నీకు తెలిసిందే చెప్పమన్నాను. బండి వచ్చింది. సారు అట్టలారీని ఎక్కించి, తొమ్మిదో తరగతి నందినిని ఎక్కించి, బండిలో చోటు లేదమ్మా అని మల్లేశ్వరితో చెప్పి వెళ్లిపోయాడట. నందిని మా బడి కమిటీ చైర్మన్ కూతురు. పోయిన ఏడాదిదాకా ఆదోనిలో కాన్వెంటులో చదివింది, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. ఆ పిల్లను నేనేమీ అనను. చెప్పమన్నది చెప్పింది.

కానీ చెప్పమన్నదేమిటి బావా? మరుసటి రోజు పేపర్లో ఫోటో చూశాను. మా లారీ, దాని పక్కన నందిని, కప్పు పట్టుకుని జయన్న సారు. కింద రాసిన మాట చదివి, వేరే బడి ఫోటో కింద రాయాల్సింది పొరపాటున ఇక్కడ పడిందేమో అనుకున్నాను. "ఉరుకుంద ఈరన్న జాతరకు సంతోషంగా బయలుదేరిన పల్లె జనం" అట. పద్మ బొమ్మ చేతుల్లోని ఎర్ర దారం చూసి పెద్దలు అడిగితే, జాతర కదా, గోరింటాకు పెట్టుకుంది అని నందిని చెప్పిందట. అందరూ చప్పట్లు కొట్టారట. మన పండుగల అందాన్ని ఇంత చిన్న పిల్లలు పట్టుకున్నారని హైదరాబాదు నుంచి వచ్చిన అతిథి మెచ్చుకున్నాడట. ఇదంతా స్టాఫ్‌రూంలో లడ్డూ నములుతూ సారు చెప్పాడు.

శుక్రవారం నా గదిలోకి పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఎవరూ సూది పట్టుకోలేదు. పేపరు అందరూ చూశారు, గోరింటాకు మాట కూడా అప్పటికే బడంతా పాకింది. మల్లేశ్వరే ముందు అడిగింది. "టీచర్, గోరింటాకు అని ఎవురు సెప్పినారు?" తెలియదన్నాను. "మాయమ్మ ఎప్పుడూ పెట్టుకోదు టీచర్. పనికిపోయే వాళ్లకు నిలవదు" అంది. అంతే. తప్పుగా రాసిన లెక్కను సరిదిద్దినట్టు చెప్పింది, ఏడవలేదు, అలగలేదు. ఆ పిల్ల ఏడ్చి ఉంటే నేను ఓదార్చి ఉండేదాన్ని. ఓదార్చడానికి కూడా నాకేమీ మిగల్చలేదు.

జయన్న సారును అడిగాను. మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు. వలస అని చెబితే వచ్చిన పెద్దలు మీ బడిలో ఎంతమంది పిల్లలు మానేశారని అడుగుతారు, ఆ తలనొప్పి ఎవరికి అన్నాడు. బడికి కప్పు వచ్చింది, నీ పేరు పేపర్లో పడింది, ఇంకేం కావాలి అన్నాడు. పేరు పడిందన్నది నిజమే. మార్గదర్శకురాలు గౌరి అని రాశారు. ఆ మాట కనబడకుండా పేపరు మడిచి పెట్టేశాను.

ఇంకో సంగతి. లారీ తిరిగి వచ్చింది, బొమ్మలన్నీ వచ్చాయి, పద్మ బొమ్మ రాలేదు. ముందు సీటు ఖాళీగా ఉంది. కర్నూల్లోనే ఎక్కడో పడిపోయి ఉంటుందని సారు అంటున్నాడు. అది దయచేసి వెతికించు. నువ్వు ఆ హాల్లోనే ఉన్నావు కదా. అంతా నడిపింది నువ్వే కదా. జాతర అని నందిని చెబుతుంటే నీకు ఆశ్చర్యం వేయలేదా? నేను నీకు ఉత్తరంలో రాసిందంతా గుర్తు రాలేదా? అడిగితే "తర్వాత మాట్లాడుకుందాం" అన్నావు. ఎప్పుడు బావా? పేపరు వాళ్లకు నిజం రాసి పంపే పని మీ ట్రస్టు చేయగలదు. నువ్వు చెబితే చేస్తారు. ఆ పిల్లకోసం ఒక్కసారి నోరు తెరువు.

నీ జవాబు కోసం
గౌరి


ఎమ్మిగనూరు,
మార్చి.

బావా,

ఈ పిలుపు చిన్నప్పటినుంచీ నోటికి అలవాటు. ఇంకో పిలుపు వెతుక్కునే ఓపిక లేక దీనితోనే మొదలుపెడుతున్నాను.

నేను చెప్పకుండా కర్నూలు వచ్చి, మీ ఆఫీసు ముందు టీ అంగడిలో నిన్ను కూర్చోబెట్టి అడిగితే నువ్వు నా ముఖం చూడకుండా గ్లాసు తిప్పుతూ మాట్లాడావు. నువ్వు చెప్పినవన్నీ విని బస్సెక్కి, ఆదోని పోకుండా మా అమ్మ ఇంటికి వచ్చేశాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఒంట్లో బాగాలేదన్నాను. ఈ మాటలన్నీ ఇక్కడ కూర్చుని రాస్తున్నాను, నీకు గ్లాసు అడ్డం పెట్టుకునే వీలు లేకుండా.

జయన్న సారుతో నేను రెండోసారి గొడవ పడినప్పుడు ఆయన చెప్పాడు. "నా మీద ఎందుకమ్మా అరుస్తావు. మీ ఆయనే గదా ఫోన్ చేసి సెప్పింది. జాతర అన్నదీ ఆయనే, గోరింటాకు అన్నదీ ఆయనే. ఆ మిరపకాయల పిల్లను తేవద్దన్నదీ ఆయనే. పెండ్లానికి మంచి జరగాలని సేసినాడు. నీకు తెలిసే జరిగిందనుకున్యా నేను." చివరి మాట నాకు గుచ్చుకుంది బావా. నాకు తెలిసే జరిగిందనుకున్నాడు. బడిలో అందరూ అలాగే అనుకుని ఉంటారు. పిల్లలు కూడా.

నువ్వు టీ అంగడిలో చెప్పిన లెక్క నాకు అర్థమైంది. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు డబ్బిచ్చే పెద్దలు. వాళ్లకు చూడముచ్చటగా ఉండాలి. మొదటి బహుమతి వస్తేనే గెలిపించిన టీచరును ట్రస్టులో శిక్షకురాలిగా తీసుకోమని నువ్వు అడగగలవు. జూన్‌లో నాకు కర్నూల్లో ఉద్యోగం, మనకు ఒక ఇల్లు. పెళ్లయినప్పటినుంచీ నువ్వొక ఊళ్లో, నేనొక ఊళ్లో ఉన్నాం, ఇంకెన్నాళ్లు అన్నావు. నిజం చెప్పి ఉంటే జాలిపడి, నాలుగు చప్పట్లు కొట్టి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపేవాళ్లు గౌరీ అన్నావు. అదీ నిజమే అయి ఉంటుంది. నీకు ఆ మనుషులు తెలుసు.

దాచడమెందుకు, నేనూ ఒప్పుకుంటాను. బస్సు కోడుమూరు దాటేదాకా నాకు ఆ ఇల్లే కనబడింది. ప్రతి నెలా ఒప్పందం పొడిగిస్తారో లేదో అని సారు ముఖం చూడక్కర్లేని ఉద్యోగం. సాయంత్రం నువ్వు వచ్చే వేళకు స్టవ్ మీద పాలు. ఇంత చిన్నదానికి ఇన్నేళ్ల ఆశ చంపుకోవాలా, ఒక గుడ్డ బొమ్మ చేతుల గురించి మొగుణ్ణి వదులుకుంటారా ఎవరైనా అని నాకు నేనే చెప్పుకున్నాను. మరి ఎక్కడ తెగిందో చెప్పనా?

ఆ ఎర్ర దారం సంగతి నీకు చెప్పింది నేను. ఆ పిల్ల నాతో అన్న మాటను ఎవరికీ చెప్పకుండా నీకు మాత్రమే రాశాను. మంటను గోరింటాకు చేయాలంటే అది మంట అని ముందు తెలిసి ఉండాలి కదా. జయన్న సారుకు నువ్వు చెప్పేదాకా తెలియదు, నందినికి తెలియదు, పెద్దలకు తెలియదు. తెలిసినవాడివి నువ్వొక్కడివే. నా ఉత్తరం చదివి, అందులో నీకు పనికొచ్చే ముక్క ఏదో, పనికిరాని ముక్క ఏదో ఏరుకున్నావు. ఇక నీకు ఏదైనా మనసు విప్పి చెప్పాలంటే, దీన్ని ఎక్కడ ఎలా మారుస్తాడో అని నేను ముందు ఆలోచించుకోవాలి. అలాంటి భయంతో ఒక ఇంట్లో ఎలా ఉండాలి?

బొమ్మ ఏదని అడిగాను. అతిథికి బాగా నచ్చిందట, శాలువాతో పాటు జ్ఞాపికగా ఇచ్చేశారట. ఇప్పుడు తిరిగి అడిగితే బాగుండదు అన్నావు. తర్వాత ఒక మాట అన్నావు. నువ్వు మర్చిపోయి ఉంటావు, మెల్లగా అన్నావు. "గుడ్డ బొమ్మే గదా గౌరీ, ఇంకోటి చేయించు ఆ పిల్లతో."

అప్పుడే లేచి వచ్చేశాను.

జూన్‌లో నేను ఆ ఉద్యోగంలో చేరను. కర్నూలు రాను. నువ్వు ఉగాదికి ఇక్కడికి రావద్దు. వస్తే అమ్మానాన్నల ముందు నటించాల్సి వస్తుంది. మీ ఆఫీసులో నువ్వు నటిస్తున్నావు, అది చాలు. ఇది కోపంలో రాస్తున్నానని అనుకుంటావు. ఇప్పటికి మూడుసార్లు చించి రాశాను. మొదటిదాంట్లో కోపం ఉండింది. దీంట్లో లేదు.

గౌరి


ఆదోని,
మే మొదటివారం.

బావా,

రాయనని అనుకున్నాను. నాకు నేను పెట్టుకున్న ఆ ఒట్టు తీసేసుకుంటున్నాను. ఎందుకో పూర్తిగా చదివితే తెలుస్తుంది, మధ్యలో ఫోన్ చేయకు.

నీతో గొడవ పడ్డాక నేను బడికి తిరిగి వచ్చి పిల్లలకు నిజం చెప్పాను. జాతర అని మార్చింది నా భర్తే అని చెప్పాను. దానికోసం ఆయనతో మాట్లాడడం మానేశానని కూడా చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లల ముందు అంత మాట ఎందుకు చెప్పానో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది. వాళ్ల వైపు నిలబడ్డానని వాళ్లకు తెలియాలని నా తాపత్రయం. మల్లేశ్వరి నా వంక చూసింది, తల దించుకుంది. నేను దాన్ని కృతజ్ఞత అనుకున్నాను.

ఏప్రిల్ చివర బడి మూసే ముందు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. గుంటూరు పోయినవాళ్లంతా అప్పటికి తిరిగి వచ్చారు. నేను అట్టలారీకి కొత్త బోర్డు రాశాను, పెద్ద అక్షరాలతో: గుంటూరు బండి. వలస పోయే మా అమ్మానాన్నలు. మంటలెత్తే వాళ్ల చేతులు. జయన్న సారు వద్దన్నాడు. నేను వింటే కదా. కప్పు పక్కనే వరండాలో పెట్టించాను. పద్మ బొమ్మ లేని ముందు సీటును ఖాళీగానే ఉంచాను, అందరూ అడగాలని, నేను చెప్పాలని. ఆ రోజుకోసం పట్టుచీర కట్టుకున్నాను బావా. గెలిచినదానిలా నిలబడ్డాను.

పద్మ వచ్చింది. నేను ఆమెను అంతకుముందు చూసింది తక్కువ. సన్నగా, ఎండకు మాడిపోయి ఉంది. అరచేతుల్లో తోలు ఇంకా పొరలు పొరలుగా లేస్తోంది. బోర్డు ముందు నిలబడి, ఏం రాసినారు చదువు అని కూతుర్ని అడిగింది. మల్లేశ్వరి మెల్లగా చదివింది. చుట్టూ మిగతా తల్లులు కూడా వింటున్నారు. నేను దగ్గరికి పోయాను. పద్మ ఏమంటుందోనని సంతోషంగా ఎదురుచూశాను.

"గోరింటాకు అన్నారంట గదా కర్నూల్లో. మా పిల్ల సెప్పింది. మీరు దానికోసం మొగునితో కొట్లాడినారంట" అంది.

అవునన్నాను.

"ఆయప్ప గోరింటాకు అన్నాడు. మీరు మంట అని బోర్డు రాసినారు. నన్ను ఎవురన్నా అడిగినారా టీచరమ్మా?"

గొంతు పెంచలేదు. నా ముఖం చూస్తూ అడిగింది. నేను ఏదో అన్నాను, మీ కష్టం అందరికీ తెలియాలని, పిల్లలకు నిజం నేర్పాలని. ఆమె చివరిదాకా విని అప్పుడు చెప్పింది.

"మేము యాడికి పోతామో ఊర్లో అందరికీ ఎరుకే. దాన్ని కప్పు పక్కన పెట్టి సూపిచ్చేది ఎవురికి? నా పిల్ల ఆ బొమ్మ నాకని సేసింది. నేనొచ్చినాంక నా సేతిలో పెట్టాలని. పోటీకి పంపుతామంటే వద్దని సెప్పల్యాకపోయింది. టీచరమ్మ గదా మీరు."

బావా, అన్ని నెలలు ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని కుట్టింది. ఎర్ర దారం ఎందుకని అడిగాను. ఎవరికోసం చేస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. నాకా ప్రశ్న తట్టనే లేదు. ఆ గదిలో తయారయ్యేవన్నీ నావే అనుకున్నాను. పోటీకి పంపడం నాకు ఎంత సహజంగా తోచిందో, గోరింటాకు అనడం నీకు అంతే సహజంగా తోచింది.

పద్మ లారీలోంచి తన భర్త దుర్గప్ప బొమ్మను తీసుకుంది. అది కూడా మల్లేశ్వరి చేసిందే. కొంగులో చుట్టుకుని మెట్లు దిగి పోయింది. తర్వాత జాషువా వాళ్లమ్మ ముందుకొచ్చి, కుంటికాలు తాతను తీసుకుంది. ఆ వెనక ఇంకొకామె. ఎవరూ నన్ను తిట్టలేదు, గుంపు కట్టలేదు. ఎవరి మనిషిని వాళ్లు తీసుకుని పోయారు. కోడిని చేసిన పిల్ల కోడిని తీసుకుపోయింది. కాసేపటికి వరండాలో అట్టలారీ, దాని మీద నా బోర్డు మిగిలాయి. జయన్న సారు కప్పును మాత్రం జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మరుసటి రోజు వాళ్లింటికి పోయాను. పద్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. కూర్చోమని అనలేదు. ఉచ్చీరమ్మ అవ్వే లోపలినుంచి చాప తెచ్చి వేసింది, అయినా నేను నిలబడే ఉన్నాను. తప్పయిందన్నాను. "తప్పూ ఒప్పూ నాకెందుకులే టీచరమ్మా. నా బొమ్మ తెచ్చియ్యండి" అంది. బొమ్మ ఎక్కడుందో ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ప్రయత్నిస్తానన్నాను. మల్లేశ్వరి గుంజ పక్కన నిలబడి వింటోంది. వచ్చే ఏడు బడికి పంపుతావు కదా అని అడిగాను. చదువు మాన్పించనని పద్మ చెప్పింది. లెక్కలకు పోతాది, తెలుగుకు పోతాది, మీ గదికి మాత్రం రాదు అంది. నేను మల్లేశ్వరి వైపు చూశాను, తల్లి మాట కాదంటుందేమోనని. ఆ పిల్ల తల్లి పక్కకు పోయి కూర్చుని, చేటలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

అందుకే నేను అంతకాలం తర్వాత నీకు ఫోన్ చేసి, ఎలాగైనా ఆ బొమ్మ తెప్పించమని అడిగాను. ఉద్యోగానికి ముప్పు అని తెలిసీ నువ్వు అతిథి ఇంటికి ఫోన్ చేసి అడిగావు. నాకు తెలుసు, అది నీకు తేలిక కాదు. వాళ్లింట్లో ఎవరికీ అలాంటి బొమ్మ గుర్తే లేదని, కారులోంచి దించారో లేదో కూడా తెలియదని నిన్న చెప్పావు. నేను వెంటనే ఫోన్ పెట్టేశాను. రాత్రంతా ఆలోచించి ఇది రాస్తున్నాను.

ట్రస్టు ఉద్యోగానికి నేను రాను, ఆ మాటలో మార్పు లేదు. జయన్న సారు నా ఒప్పందం పొడిగిస్తే ఇక్కడే ఉంటాను, లేదంటే ఎమ్మిగనూరులో ఏదో ఒకటి చూసుకుంటాను. గది ఉంటే మళ్లీ పిల్లలతో ఏదైనా చేయిస్తాను, కానీ వాళ్లు చేసింది వాళ్ల ఇళ్లకే పోతుంది. నీ ముఖం చూడనని పోయిన ఉత్తరంలో రాయకపోయినా, నా మనసులో అదే ఉండింది. ఇప్పుడు ఆ మాట అనే అర్హత నాకు కనబడడం లేదు. నిన్ను క్షమించానని అనుకోకు. నన్ను నేను క్షమించుకునే దారే తెలియడం లేదు.

పద్మా దుర్గప్పా వచ్చే సోమవారం బెంగుళూరుకు, ఇండ్లు కట్టే పనికి పోతున్నారట. ఆదివారం నువ్వు రా. ఏమీ తేవద్దు. కొత్త బొమ్మ చేయించి తేవద్దు, చీర కొనవద్దు, డబ్బు తీయవద్దు. ఇద్దరం ఆ వాకిలికి పోదాం. బొమ్మ పోయిందని, ఎలా పోయిందో, ఎవరికి ఇచ్చామో నువ్వు చెప్పు. అసలు దాన్ని ఆ ఇంటినుంచి ఎందుకు కదిలించానో నేను చెబుతాను. ఆమె తిడితే విందాం. తిట్టకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంటే, కాసేపు అక్కడే నిలబడి వెనక్కి వద్దాం.

ఆ తర్వాత ఆదోని బస్టాండులో నువ్వు కర్నూలు బస్సెక్కుతావో, నాతో పాటు ఇక్కడి నా అద్దె గదికి వస్తావో నాకు తెలియదు. ఆ మాట ఆదివారం సాయంత్రం మాట్లాడుకుందాం. ముందు ఆమె వాకిలికి పోవాలి.

గౌరి